ఫైటు ఎప్పుడొస్తుందక్కా? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన నెల ఆఖరి ఆదివారం సాయంత్రం నెల్లూరులో మేం సినిమా పిచ్చి ఉన్నోళ్లం కొంతమందిమి కలిసి ఒక చిన్న హాలు అద్దెకు తీసుకుని 'అరైవల్' వేసుకున్నాం. 2016లో వచ్చిన ఇంగ్లీషు సినిమా, డెనిస్ విల్నోవ్ డైరెక్షన్. వేరే లోకం నుంచి 12 ఓడలు వచ్చి భూమ్మీద 12 చోట్ల గాల్లో ఊరికే నిలబడి ఉంటాయి, వాళ్లెందుకొచ్చారో అడిగి తెలుసుకోడానికి మిలిటరీ వాళ్లు ఒక భాషాశాస్త్రం ప్రొఫెసరమ్మని పిలుచుకొస్తారు, కథంతా ఆ అడగడం చుట్టూనే. ఈ పేజీలో ముందే చెప్పి ఉన్నందువల్ల కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి కూడా జనం వచ్చారు, ఎనభై కుర్చీలు వేస్తే చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడి చూశారు. ఆ రాత్రి నుంచీ ఉత్తరాలూ వాట్సాప్ వాయిస్ మెసేజీలూ వస్తానే ఉన్నయ్, అందుకని ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా. పేర్లు వద్దని కొందరు అన్నారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యలా, ఊళ్లు మాత్రం వేశా. సినిమా చూడని వాళ్ల కోసం కథ బయటపడే చోట ముందే చెప్తా, అక్కడ దాటేసి కిందకి పోండి.

కావలి నుంచి డిగ్రీ సెకండియర్ తమ్ముడు: అక్కా, ట్రైలర్ చూసి నలుగురం రెండు బైకుల మీద వచ్చాం. అందులో హెలికాప్టర్లు, సైనికులు, పారిపోయే జనం అన్నీ ఉన్నయ్. తీరా సినిమాలో బోర్డు మీద అక్షరాలు రాసుకుంటా కూర్చున్నారు. మావాడు మిమ్మల్నే రెండుసార్లు అడిగాడు, ఫైటు ఎప్పుడొస్తుందక్కా అని, గుర్తుందా? ట్రైలర్లో ఒకటి చూపించి సినిమాలో ఇంకోటి పెట్టడం ఎందుకక్కా?

ఎందుకు గుర్తుండదు తమ్ముడూ, మూడో వరసలో చివరి కుర్చీ, నీలం చొక్కా. ట్రైలర్ అనేది రెండు నిమిషాల వ్యాపారం, అందులో ఎదురుచూడడాన్ని చూపించలేరు, ఒక మాట అర్థం కావడానికి వారం పట్టడాన్ని చూపించలేరు, హెలికాప్టర్నైతే చూపించొచ్చు. ఇది మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడ మొదటి రోజు థియేటర్ నుంచి బయటికొచ్చే వాళ్లని అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్ అని ఒకటుంది, ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా ఇస్తారు, ఈ సినిమాకి వచ్చింది బి. అదే సినిమాని రివ్యూలు రాసేవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, 8 ఆస్కార్ నామినేషన్లు వచ్చినయ్, సౌండ్ ఎడిటింగ్‌కి అవార్డు కూడా కొట్టింది. పెట్టింది 4.7 కోట్ల డాలర్లయితే ప్రపంచం మొత్తం మీద 20 కోట్ల డాలర్ల పైన వసూలు చేసింది. అంటే సినిమాలో లోపం లేదు, జనం తలుపు దగ్గర మోసుకొచ్చిన ఊహ వేరు, లోపల ఉన్నది వేరు.

రిలీజుకి ముందు పోస్టర్ల దగ్గర ఒక గొడవ కూడా అయింది. ఒక్కో చోటు మీద ఓడ నిలబడినట్టు వరసగా పోస్టర్లు వేశారు, హాంకాంగ్ పోస్టర్లో షాంఘైలో ఉండే టీవీ టవర్ని తెచ్చి పెట్టేశారు, హాంకాంగ్ జనానికి ఒళ్లు మండి తిట్టిపోస్తే ఆ పోస్టర్ తీసేశారు. ఎదుటివాళ్లని సరిగ్గా అర్థం చేసుకోవాలని చెప్పే సినిమాకి ఆ పొరపాటు జరగడం నాకు నిజంగా బాధేసింది. ఇంకా వెనక్కి పోతే 1968లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' అనే అంతరిక్షం సినిమాకి మొదటి షోల్లోనే జనం మధ్యలో లేచిపోయారు, ఆయన ప్రీమియర్ అయినాక 19 నిమిషాలు కత్తిరించాడు. ఇవాళ అదే సినిమాని సినిమా కాలేజీల్లో పాఠంగా చెప్తున్నారు.

నేను చెప్పేది ఏంటంటే, తప్పు సినిమాది కాదు, మీవాడిది అసలే కాదు, పిలిచిన వాళ్లది. లైట్లు ఆపే ముందు నేను లేచి, ఇది యుద్ధం సినిమా కాదబ్బయా, పలక పట్టుకుని అక్షరాలు దిద్దుకునే సినిమా అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది, చెప్పలా. అయినా మీవాడి సంగతి నువ్వు సగమే రాశావు. బోర్డు సీన్లో కరెంటు పోయింది కదా, పన్నెండు నిమిషాలు చీకట్లో కూర్చున్నాం, ఒక్కరూ లేవలేదు. ఆ చీకట్లో మీవాడే కదా, అక్కా వచ్చినోళ్లు రాసే ఆ గుండ్రటి అక్షరాల్లో మొదలు యాడ చివర యాడ అని అడిగింది. అద్దంకి మాస్టారు ఫోను టార్చి వేసి బల్ల మీద టీ గ్లాసు పైకెత్తితే కింద తడి వలయం పడి ఉంది, ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా, ఒక చోట చుక్క జారి తోకలాగా. ఇదిగో ఇట్టాంటిదే, దీనికి మొదలేది చెప్పు అన్నారు ఆయన. మీవాడు దాని మీదకి వంగి ఎంతసేపు చూశాడో నేను చూశా. ఫైటు కోసం వచ్చినోడు ఆ తడి వలయం కోసం ఆగాడు.

కందుకూరు నుంచి ఎలక్ట్రికల్ షాపు ఆయన: మేడం, ఉన్నమాట చెప్తా ఏమనుకోవద్దు. ముప్పావు గంటకే నాకు నిద్రొచ్చేసింది. ఇట్టాంటి స్లో సినిమాలు సిటీల్లో వాళ్లకి, ఫారిన్ వాళ్లకి. మన జిల్లా జనానికి అంత ఓపిక యాడుంది?

నిద్ర రావడంలో తప్పేముందండి, వారం మొత్తం షాపులో నిలబడి ఆదివారం బస్సెక్కి వచ్చారు. కానీ మన జనానికి ఓపిక లేదు అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 2023 ఆగస్టు 23 సాయంత్రం గుర్తు చేసుకోండి. జూలై 14న మన పక్కనే శ్రీహరికోట నుంచి పోయిన చంద్రయాన్-3 దిగే రోజు. నేను ట్రంకు రోడ్డులో టీవీల షాపు ముందు ఉన్నా. ఆ టీవీల్లో ఏముంది? ఒక గీత, దాని మీద జారే చుక్క, పక్కన తగ్గుతా పోయే అంకెలు, కంప్యూటర్ల ముందు కూర్చున్న మనుషులు. హీరో లేడు, పాట లేదు, డైలాగు లేదు. కిందకి దిగే ఆ 19 నిమిషాలు రోడ్డు మీద మనిషి కదల్లేదు, ఆటో వాళ్లు ఇంజన్లు ఆపేశారు, టీ బండాయన పాలు పొంగిపోతున్నా చూసుకోలా, 6 గంటల 4 నిమిషాలకి దిగిందనగానే తెలియని వాళ్లని తెలియని వాళ్లు పట్టుకుని ఎగిరారు.

దానికంటే స్లో సినిమా ఏముంటది చెప్పండి. మరి ఎందుకు కూర్చున్నాం? 2019లో చంద్రయాన్-2కి ఇట్టానే ఎదురుచూసి, చంద్రుడి మీద దిగాల్సిన విక్రమ్ ల్యాండర్ సిగ్నల్ పోయినప్పుడు గుండె జారింది కాబట్టి, ఆ గీత కిందకి ఎందుకు పోవాలో, పక్కకి పోతే ఏమవుద్దో మనకి తెలుసు కాబట్టి. ఏం పోగొట్టుకుంటామో ముందు తెలిస్తే మనవాళ్లు గీతని కూడా కళ్లార్పకుండా చూస్తారు. అందుకే ఇట్టాంటి సినిమాకి జనం రారు, రారు అని మనమే ముందు కూసేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఒక షో వేసి తీసేసి, చూశారా రాలేదు అనడం నాకు నచ్చదు.

ఇంకోమాట. 1987లో మాటలే లేని 'పుష్పక విమానం' చూసి నవ్వి, ఏడ్చి, మళ్లీ మళ్లీ వెళ్లిన జనం మనం. అది తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు పుట్టింది ఉదయగిరిలో, మన జిల్లా.

ఒంగోలు నుంచి హైస్కూల్ టీచరు: మేడం, ఒక్క మాట పట్టుకుని దేశాలన్నీ యుద్ధానికి దిగడం నాకు అతిగా అనిపించింది. నిజంగా అట్టా జరుగుద్దా?

(సినిమా చూడని వాళ్లు ఇది దాటేయండి, సగం కథ బయటపడుద్ది.)

వచ్చిన వాళ్లని ఎందుకొచ్చారు అని అడిగితే వాళ్లు వేసిన వలయానికి మనవాళ్లు చెప్పుకున్న అర్థం, ఆయుధం ఇస్తాం అని. అంతే, అన్ని దేశాలూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోడం మానేసి తుపాకులు తీస్తాయి. ప్రొఫెసరమ్మ ఒక్కత్తే నెత్తీనోరూ కొట్టుకుంటది, వాళ్లకి ఆయుధానికీ పనిముట్టుకీ తేడా తెలుసో లేదో మనకి తెలియదు కదా అని.

మేడం, మీరు ఒంగోలులో ఉంటూ ఇది అతి అంటే ఎట్టా? దసరాకి బైపాస్ పక్కన ఏ మెకానిక్ షెడ్డు దగ్గరికైనా పోయి చూడండి. ముందు రోజే స్పానర్లు, జాకీలు, గ్రీజు గన్ను, అన్నీ కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎర్ర గుడ్డ మీద సైజుల వరసన పేర్చి, ఒక్కోదానికీ పసుపూ కుంకుమ బొట్టు పెడతారు. లారీ టైర్ల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ కొట్టడం. టైలరు మిషనుకి బొట్టు, కంసాలి సుత్తికి బొట్టు. ఆ పూజని మనం ఏమంటాం? ఆయుధపూజ. పనిముట్లపూజ అని ఎవరూ అనరు. ఇప్పుడు ఆ రోజే ఒక వేరే లోకపు మనిషి ఆ షెడ్డు ముందు దిగి, పన్నెండు పదమూడు స్పానర్ని చూపించి ఇదేంది అని అడిగితే, ఆ కుర్రాడు చేతులు జోడించి, ఆయుధం సామీ అంటాడు. వాడు చెప్పింది అబద్ధమా? కాదు. వచ్చినోడు డిక్షనరీ తీసి చూసుకుని ఓడెక్కి పారిపోతే తప్పా? అదీ కాదు. సినిమాలో ఆ ఆయుధం సీను రాగానే హాల్లో వెనక నుంచి ఎవరో, అరె ఆయుధపూజ! అని గట్టిగా అన్నారు, నాకు ఒళ్లు జలదరించింది. ఇంగ్లీషు వాళ్లు అంత కష్టపడి చెప్పిన సంగతి మనకి ఏటేటా పండగలో ఉంది.

ఆ సినిమాలోనే చదరంగం మాట ఒకటి వస్తది. ఎవరికైనా చదరంగం ద్వారా మాటలు నేర్పితే వాళ్లకి ప్రతి మాటా గెలుపూ ఓటమీ లాగానే వినపడుద్ది అని. నేను మన పులీమేకా ఆట తల్చుకున్నా. దాంతో నేర్పితే వచ్చినోళ్లు ముందు అడిగేది, మేం పులా మేకా అని.

అద్దంకి నుంచి రిటైర్డ్ లెక్కల మాస్టారు: అమ్మా, 1997లో వచ్చిన 'కాంటాక్ట్'లో అంతరిక్షం నుంచి వచ్చే సిగ్నల్ ప్రధాన సంఖ్యల్లో ఉంటుంది. ఇందులో లెక్కలు పక్కన పెట్టి భాష పట్టుకున్నారు. లెక్కలే కదా విశ్వమంతటికీ ఒకటే భాష?

మాస్టారూ, నమస్కారం, మీ టీ గ్లాసు పాఠం ఇంకా కళ్లల్లోనే ఉంది. 'కాంటాక్ట్' కార్ల్ సాగన్ గారి 1985 నవల మీద తీసింది, అందులో 2, 3, 5, 7, 11 అని వరసగా దెబ్బలు వినపడతాయి, ఎందుకంటే తిరిగే నక్షత్రం గడియారం లాగా ఒకే దరువు వెయ్యగలదు గానీ ప్రధాన సంఖ్యలు లెక్కపెట్టలేదు, లెక్కపెడితే వెనక బుద్ధి ఉన్నట్టే. మీరు పిల్లలకి చింతగింజలతో చెప్పే ఉంటారు, ఆరు గింజలైతే రెండు వరసల్లో మూడేసి పేర్చొచ్చు, ఏడైతే ఎంత తంటాలు పడ్డా ఒకే వరస. 1974 నవంబర్ 16న పోర్టోరికోలోని అరెసీబో టెలిస్కోపు నుంచి శాస్త్రవేత్తలు అంతరిక్షంలోకి పంపిన సందేశంలోనూ ఇదే కిటుకు, 1679 చుక్కలు, 23 ఇంటూ 73, రెండూ ప్రధాన సంఖ్యలే, అందుకని దాన్ని ఆ కొలతల్లో పేరిస్తేనే బొమ్మ వస్తది. అది పోయే నక్షత్రాల గుంపు 25 వేల కాంతి సంవత్సరాల దూరం.

అయితే మాస్టారూ, మేం ఉన్నాం అని చెప్పడానికి లెక్కలు చాలు, ఎందుకొచ్చారు నాయనా అని అడగడానికి చాలవు. ఎందుకు అన్న మాటని అంకెల్లో రాయండి చూద్దాం. అందుకే ఆమె బోర్డు మీద ముందు 'మనిషి' అని రాసి, తర్వాత తన పేరు రాసి మొదలు పెట్టింది. మన ఇళ్లల్లో పిల్లలకైనా అమ్మా నాన్నా అయినాకే కదా ఒకట్లు.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి: అక్కా, వాళ్లు మన ఊరొస్తే నువ్వు అనాలా మీరు అనాలా? మా అన్న నవ్వుతున్నాడు, కానీ నాకు నిజంగానే డౌటు.

తల్లీ, మీ అన్నని నవ్వొద్దని చెప్పు, ఈ నెల వచ్చిన వాటిల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న నీదే. సినిమాలో ఆమె కూడా ఇదే చెప్తది, భూమ్మీదకి ఎందుకొచ్చారు అనే చిన్న ప్రశ్నలో ఎదురున్న ఒక్కళ్లని అడుగుతున్నామా, వాళ్ల జాతి మొత్తాన్ని అడుగుతున్నామా అన్నది ముందు తేలాలి అని. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట కాబట్టి వాళ్లకంత తంటా. మనకి నువ్వూ మీరూ వేరే, కానీ మీరు అంటే ఇద్దరా, పెద్దవాళ్లా అన్నది మళ్లీ తేలదు. సినిమాలో అద్దం అవతలికి ఇద్దరు వస్తారు కాబట్టి, పైగా ఇంటికొచ్చిన కొత్తవాళ్లు కాబట్టి, మీరు అంటే రెండు విధాలా సరిపోద్ది. నేనైతే మీరే అంటా.

అసలు పెద్ద చిక్కు మనం, మేము దగ్గర ఉంది. వాళ్లొచ్చి, సాయం కావాలి మాకు అంటే ఒక అర్థం, మనకు అంటే ఇంకో అర్థం. ఇంగ్లీషులో రెండూ ఒకటే. సబ్‌టైటిల్ తెలుగులో రాసేవాడు ఆ ఒక్క మాట దగ్గర ఆగి, వాళ్లు మనల్ని కలుపుకున్నారా లేదా అని తేల్చుకోకుండా ముందుకు పోలేడు.

1977లో అంతరిక్షంలోకి పోయిన రెండు వాయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రికార్డు పెట్టారు, అందులో 55 భాషల్లో పలకరింపులు ఉన్నయ్, మన తెలుగు కూడా ఉంది. తెలుగు మాట్లాడే జనం తరఫున మా శుభాకాంక్షలు అని చెప్పారు, 'మా' అన్నారు, 'మన' అనలేదు, చూశావా, అవతలి వాళ్లు ఇంకా మనలో కలవలేదు కదా, పలకరించే వేళకి అదే సరైన మాట. వాయేజర్-1 ఇప్పుడు మనకి 2500 కోట్ల కిలోమీటర్ల పైనే అవతల ఉంది, అక్కడి నుంచి ఒక్క సిగ్నల్ ఇక్కడికి రావాలంటే 23 గంటల పైన పడుద్ది. ఆ చీకట్లో మన 'మా' పోతా ఉంది.

ఇంకోటి కూడా నీకే చెప్పాలి. షో మొదట్లో నేను వెనక నిలబడి జనం మాటలు విన్నా. ఏడు కాళ్లతో పొగలో నుంచి అవి రాగానే, అయ్యెయ్యో అవేంది, అవి ఏం చేస్తయ్ అంటున్నారు, అవి, అవి అని. తెలుగులో మనుషులు కానివాటికి అవి, మనుషులకి వాళ్లు. ఆఖర్లో లైట్లు వేసినాక అదే జనం మెట్లు దిగుతా, వాళ్లు మళ్లీ వస్తారా, వాళ్లలో ఒకాయన పోయాడు పాపం అని మాట్లాడుకుంటున్నారు. ఏ సీను దగ్గర మారిందో నేను పట్టుకోలేకపోయా, బోర్డు సీన్లోనే అనుకుంటా. ఈసారి నువ్వొస్తే చెవులు పెట్టి విని నాకు చెప్పు.

చీమకుర్తి నుంచి క్వారీలో పనిచేసే అన్న: ఆ ఓడని చూస్తే మా గ్రానైట్ రాయిలాగే ఉంది మేడం. తెలుగులో ఇట్టాంటి సినిమా రాదా?

మీ రాయికి ప్రపంచం పెట్టుకున్న పేరే బ్లాక్ గెలాక్సీ కదన్నా, నల్ల రాతిలో బంగారు చుక్కలు, పాలిష్ పెడితే అమావాస్య ఆకాశమే. అక్కడే ఒక కథ ఉంది, రాసేవాళ్లు కావాలి. 1991లోనే సింగీతం గారు 'ఆదిత్య 369'లో టైమ్ మిషన్ ఎక్కించి కృష్ణదేవరాయల దగ్గరికి తీసుకెళ్తే మనవాళ్లు ఇదేంది అనకుండా ఎగబడి చూశారు. సత్యజిత్ రాయ్ గారు 1967లోనే బెంగాలీ పల్లెటూరి చెరువులో ఓడ దిగే కథ రాసుకున్నారు, సినిమా కాకుండానే ఆగిపోయింది, ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటది. సూళ్లూరుపేట దగ్గర వంద అడుగుల పైన వెడల్పు స్క్రీను 2019 నుంచి ఉంది, పక్కనే రాకెట్లు ఎగురుతున్నయ్. ఉదయగిరి కొండ మీద ఓడ దిగితే కలెక్టరు ముందు ఎవరిని పిలుస్తాడు? నేనైతే ఊళ్లో మూగపిల్లల టీచర్ని పిలవమంటా, మాట లేనివాళ్లతో మాట్లాడే విద్య రోజూ చేసేది ఆమే.

కావలి నుంచే ఇంకొకరు: నిజంగా ఎప్పుడైనా సిగ్నల్ వచ్చిందా?

1977 ఆగస్టు 15న అమెరికాలో ఒహాయోలోని టెలిస్కోపుకి 72 సెకన్ల పాటు బలమైన సిగ్నల్ ఒకటి తగిలింది, కాగితం మీద ఆ అంకెలు చూసిన ఆయన పక్కన ఎర్ర ఇంకుతో వావ్ అని రాశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెతికినా మళ్లీ రాలా.

కనిగిరి నుంచి ఇంగ్లీషు లెక్చరర్: భాష మారితే ఆలోచన మారుద్ది అన్న సిద్ధాంతం మీద సినిమా నడిచింది. అది ఎంతవరకు నిజం?

సినిమాలో చూపించినంత కాదండి. భాష మనిషి ఆలోచనని పూర్తిగా కట్టేస్తుంది అన్న గట్టి రూపాన్ని ఇవాళ భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోరు, కొంచెం అటూ ఇటూ వంచుద్ది అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఈ సినిమాకి మూలం టెడ్ చాంగ్ 1998లో రాసిన కథ, ఆయన దాన్ని ఒక ఊహగానే వాడుకున్నాడు, అందులో ఈ యుద్ధం గొడవ కూడా లేదు, అది సినిమా కోసం కలిపారు. నాకైతే కలిపింది తప్పనిపించలా, ఆ భయం లేకపోతే మాట విలువ తెరమీద తెలిసేది కాదు.

కానీ ఇరవై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని కాబట్టి ఒకటి అడుగుతా. మనం ముందు అంటాం చూడండి. ముందు చెప్పా కదా అంటే అయిపోయింది. ముందుముందు తెలుస్తది అంటే ఇంకా రాలేదు. జరిగిపోయిందీ జరగబోయేదీ రెండూ ఒకే మాటలో పెట్టుకుని, ఎక్కడా తడబడకుండా మాట్లాడేస్తున్నాం. వచ్చినోళ్లు తెలుగు నేర్చుకుంటే ఈ మాట దగ్గర మాత్రం వాళ్లకి ఇంటికొచ్చినట్టు ఉంటది. ఎందుకో సినిమా చూసినవాళ్లకి తెలుసు.

నెల్లూరు మూలాపేట నుంచి ఒక తండ్రి: నేను సినిమా అయినాక ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయాను. తనకి పుట్టే బిడ్డ ఉండదని ముందే తెలిసి కూడా ఆ ప్రొఫెసరమ్మ ఎట్టా ఒప్పుకుంది? ఇది నేను మర్చిపోలేకపోతున్నా.

(ఇది చూడని వాళ్లు అస్సలు చదవొద్దు.)

మీరు వెళ్లిపోవడం చూశానండి, పలకరిస్తే బాగోదని ఆగా. వాళ్ల భాష నేర్చుకున్నాక ఆమెకి జరగబోయేది కూడా కనపడుద్ది, బిడ్డ సంగతి ముందే తెలిసింది అందుకే. ఈ ప్రశ్న మనకి కొత్తది కాదు, చిన్నప్పుడే మన నాయనమ్మలు అడిగేశారు. మృకండుడికి శివుడు ప్రత్యక్షమై, నిండు నూరేళ్లు బతికే తెలివిలేని కొడుకు కావాలా, పదహారేళ్లే బతికే బంగారం లాంటి కొడుకు కావాలా అంటే, ఆయనా ఆయన భార్యా పదహారేళ్లనే కోరుకున్నారు. తెలిసి కోరుకున్నారు. మార్కండేయుడి కథ చెప్పేటప్పుడు మనం ఎప్పుడూ చివర్లో యముడూ, పాశమూ, లింగాన్ని పట్టుకున్న పిల్లాడూ, అక్కడికే పరిగెత్తుతాం. ఆ పదహారేళ్లూ ఆ తల్లి ప్రతి పుట్టినరోజుకీ తలంటు పోస్తా ఏమనుకుని ఉంటది అని మాత్రం ఎవరూ చెప్పలా. ఈ సినిమా ఆ తలంటు దగ్గర ఆగింది. ఇందులో శివుడు రాడు. బిడ్డ గడ్డి మీద ఆడుకుంటది, తల్లి చూస్తా ఉంటది, ఆమెకి అన్నీ తెలుసు.

ఆమె ఎట్టా ఒప్పుకుంది అన్నదానికి నా దగ్గర ఉన్న జవాబు, ఆమె ఆ రోజులు కూడా చూసింది కాబట్టి. చివరి రోజు ఒక్కటే కనపడి ఉంటే ఒప్పుకునేది కాదేమో. మీకు మాట్లాడాలనిపిస్తే వచ్చే షో ఉన్న ఆదివారం రండి, సినిమా చూడక్కర్లా, బయట అరుగు మీద కూర్చుందాం.

కందుకూరు నుంచి ఒక చెల్లెలు: అక్కా, మళ్లీ ఎప్పుడు వేస్తున్నారు? మా అమ్మకి ఇంగ్లీషు రాదు, సబ్‌టైటిల్స్ చదివే స్పీడు కూడా లేదు. తీసుకురావొచ్చా?

తప్పకుండా తీసుకురామ్మా. మా పిన్నికి కూడా ఇంగ్లీషు ముక్క రాదు, మొన్న ముందు వరసలో కూర్చోబెట్టి మొదట్లో రెండు మాటలు చెప్పా, ఆ తర్వాత చెప్పబోతే చేత్తో ఆపేసింది. ప్రొఫెసరమ్మ ఆ పెద్ద అంగీ, హెల్మెట్ తీసేసి మామూలు మనిషిలాగా అద్దం దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించే చోట మా పిన్ని చెయ్యి కూడా కుర్చీలో నుంచి కొంచెం లేచింది, నేను పక్కనే ఉన్నా కాబట్టి చూశా. అయినాక ఏం అర్థమైంది పిన్నీ అంటే, కొత్త కోడలు వచ్చినప్పుడు మన ఇంట్లో అందరూ ఇట్టానే కదా చేసింది, ఒక్క మీ అమ్మే కదా దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది అన్నది. యాభై ఏళ్ల కిందట తమిళం తప్ప ఏమీ రాకుండా మా ఇంటికొచ్చిన కోడలు మా పిన్నే.

వచ్చే నెల రెండో ఆదివారం, అదే హాలు, సాయంత్రం ఐదున్నరకి. ఈసారి ఇన్వర్టర్ పెట్టిస్తున్నాం, కుర్చీలు నూట ఇరవై. లైట్లు ఆపే ముందు ఐదు నిమిషాలు నేను మాట్లాడతా, కాబట్టి ఐదుంబావుకే వచ్చి కూర్చోండి. అమ్మని ముందు వరసలో కూర్చోబెట్టు, మా పిన్ని పక్కన సీటు ఉంచుతా.